గ్రీకు పురాణాల నుంచి గేమ్ క్యారెక్టర్‌కి పేరు ఎంచుకోవడం ఎలా?

కొన్నేళ్ల క్రితం ఒక గేమ్ జామ్ కోసం 48 గంటల్లో చిన్న ఆట చేశాను. హీరో వేటగాడు, వెంట నాలుగు కుక్కలు. వాటికి వాసన పట్టడం, పరిగెత్తడం నేర్పుకుంటూ అడవి దాటాలి. అంతే ఆట. పేరు గురించి ఆలోచించే టైమ్ లేక గ్రీకు వేటగాళ్ల పేర్లు వెతికితే ఆక్టియాన్ అని కనిపించింది. పలకడానికి బాగుంది, పెట్టేశాను. మర్నాడు ఆట ఆడిన ఒకాయన ఒక్క ముక్క రాశాడు: "చివర్లో కుక్కలు వీణ్ని తినేస్తాయి కదా, ఆ లెవెల్ ఏది?"

అప్పుడు కథ వెతికి చదివాను. అడవిలో స్నానం చేస్తున్న ఆర్టెమిస్ దేవతని ఆక్టియాన్ పొరపాటున చూస్తాడు. ఆవిడ కోపంతో అతని మీద నీళ్లు చిమ్ముతుంది. దుప్పిగా మారిపోతాడు. తను పెంచిన కుక్కలే తనని తరుముతాయి. "నేనే, మీ యజమానిని" అని అరుద్దామంటే నోట మాట రాదు. కుక్కలు చీల్చేస్తాయి. నేనేమో ఆ పేరు పెట్టి, మనిషీ కుక్కలూ హాయిగా ఇంటికి చేరే ముగింపు రాసుకున్నాను.

పురాణంలోంచి పేరు తెచ్చుకోవడమంటే, అద్దెకున్నవాళ్లతో సహా ఇల్లు కొనుక్కోవడమే. లోపల ఎవరున్నారో ముందే చూసుకోవాలి. పేరున్న ఆటల్లో ఈ పని ఎలా చేశారో చూస్తూ, మన క్యారెక్టర్‌కి పేరు ఎలా పెట్టుకోవాలో మెట్టు మెట్టుగా చెబుతాను. ఒక హెచ్చరిక: కొన్ని ఆటల కథలు బయటపడతాయి.

మొదటి మెట్టు: క్యారెక్టర్ చేసే పనిని ఒక్క వాక్యంలో రాయండి

ఎలా ఉంటాడన్నది తర్వాత. ఏం చేస్తాడు? "వదలకుండా వెంటపడతాడు." "చస్తాడు, మళ్లీ లేస్తాడు." "అందరి జ్ఞాపకాలు చెరిపేస్తాడు." ఇలా క్రియతో ముగిసే వాక్యం కావాలి. "బలవంతుడు, కోపిష్ఠి" అని రాసుకుంటే సగం గ్రీకు పురాణం ఆ వర్ణనకి సరిపోతుంది, ఏ పేరూ తేలదు.

1999లో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ 3లో ఒక రాక్షసుడు ఆట పొడవునా వెంటపడతాడు. తలుపేసుకున్నా వస్తాడు, పడగొట్టినా లేస్తాడు. అతని పేరు నెమెసిస్. గ్రీకులో నెమెసిస్ ఎవరికి రావాల్సింది వాళ్లకి పంచే దేవత. 'పంచడం' అనే క్రియ నుంచే ఆ పేరు పుట్టింది. ఎంత దూరం పారిపోయినా ఆవిడ లెక్క తేల్చకుండా వదలదు. రూపంలో ఏ పోలికా లేదు. ఆవిడ దేవత, వీడు కుట్లు వేసిన మాంసపు ముద్ద. పని మాత్రం ఒకటే.

రెండో మెట్టు: జనం తక్కువున్న అరలో వెతకండి

అందరి చెయ్యీ ముందు ఒలింపస్ దేవతల మీదికే పోతుంది. జ్యూస్, ఎథీనా, ఆరీస్. ఆ పేర్లు పెడితే ఆటగాడి బుర్రలో అప్పటికే ఒక బొమ్మ ఉంటుంది. దాన్ని చెరిపి మీ బొమ్మ గీయడం కష్టం. వెనక అరల్లో చూడండి.

హెసియడ్ కవి దేవతల పుట్టుక గురించి రాసిన థియోగొనీలో రాత్రి దేవత నిక్స్ సంతానం జాబితా ఒకటుంది. మోరోస్ అంటే తప్పని గతి, థానటోస్ చావు, హిప్నోస్ నిద్ర, మోమోస్ నింద, ఏపటీ మోసం, గీరాస్ ముసలితనం, ఎరిస్ కలహం. నెమెసిస్ కూడా ఈ ఇంటి పిల్లే. వీళ్లలో చాలామందికి పేరూ పనీ తప్ప పెద్ద కథ లేదు. రాసేవాడికి అంతకంటే ఏం కావాలి? సూపర్‌జెయింట్ గేమ్స్ వాళ్ల హేడీస్ అనే ఆటలో నిక్స్, థానటోస్, హిప్నోస్ ఉన్నారు. రెండో భాగంలో నెమెసిస్, మోరోస్, ఎరిస్ వచ్చి చేరారు. ఒక్క కుటుంబ జాబితాని రెండు ఆటలు పంచుకున్నాయన్న మాట.

పాతాళంలో పారే నదులు ఇంకో అర. స్టిక్స్ మీద దేవతలు ఒట్టేస్తారు. లీథీ నీళ్లు తాగితే అన్నీ మరిచిపోతారు. కొకైటస్ ఏడుపు నది, ఫ్లెగెథాన్ నిప్పుల నది.

ఇంకా లోపలికి వెళ్తే పురాణ గాయకుడు ఆర్ఫియస్ పేరు మీద ఉన్న స్తోత్రాలు దొరుకుతాయి. హేడీస్ 2 నాయిక మెలినోయె అక్కడి నుంచే వచ్చింది. ఆవిడ గురించి మనకి మిగిలింది దాదాపుగా ఒక చిన్న స్తోత్రమే. పాతాళ రాణి పెర్సెఫొనీ కూతురు, కుంకుమపువ్వు రంగు బట్టలు కడుతుంది, ఒంటి రంగు రెండు రకాలు, రాత్రిపూట మనుషులకి పీడకలలు తెస్తుంది. స్తోత్రంలో తండ్రి జ్యూస్. పాతాళ రాజు హేడీస్ వేషంలో వచ్చి పెర్సెఫొనీని మోసం చేస్తాడు. ఆటలో ఆ వేషం తీసేసి నేరుగా హేడీస్‌నే తండ్రిని చేశారు. రెండు రంగుల ఒళ్లు ఆటలో దెయ్యంలా మెరిసే ఒక చెయ్యిగా మారింది. బట్టల రంగు అలాగే ఉంచారు. ఇంత పెద్ద ఆటకి నాయికని ఇంత చిన్న స్తోత్రంలోంచి లాగారంటే, ఖాళీ ఎక్కువున్న పేరు ఎంత పనికొస్తుందో చూడండి.

మూడో మెట్టు: కథ చివరిదాకా చదవండి, చావుతో సహా

నేను ఎగ్గొట్టిన మెట్టు ఇదే. సగం చదివి ఆపేస్తే ఆటగాళ్లలో కథ తెలిసినవాళ్లు పట్టేస్తారు.

హేడీస్ మొదటి భాగం 2020లో పూర్తిగా విడుదలైంది. నాయకుడు జాగ్రియస్, పాతాళ రాజు కొడుకు. ఇల్లు వదిలి పైకి పారిపోదామని చూస్తుంటాడు. దారిలో చస్తాడు, స్టిక్స్ మడుగులోంచి లేచి ఒళ్లు దులుపుకుని మళ్లీ బయల్దేరుతాడు. ఆర్ఫియస్ పేరు మీద నడిచిన ఆర్ఫిక్ సంప్రదాయంలో జాగ్రియస్ పసివాడిగా ఉన్నప్పుడే పాతతరం దేవతలైన టైటన్లు ముక్కలు చేస్తారు. తర్వాత డయోనిసస్‌గా మళ్లీ పుడతాడు. చచ్చి పుట్టడం అతని కథలోనే ఉంది కాబట్టి, పదే పదే చచ్చే ఆటకి ఆ పేరు అతికినట్టు సరిపోయింది. ఆటలో ఒక చిలిపి పని కూడా ఉంది. జాగ్రియస్, డయోనిసస్ కలిసి తామిద్దరం ఒకటేనని ఆర్ఫియస్‌ని ఆట పట్టిస్తారు. పాపం ఆర్ఫియస్ నమ్మేసి పాట కట్టేస్తాడు. అసలు ఆ కథ లోకానికి చేరిందే ఆర్ఫియస్ పేరు మీద నడిచిన సంప్రదాయం ద్వారా. కథ తెలియనివాడికి అదొక మామూలు జోకు. తెలిసినవాడు కుర్చీలోంచి లేచి నవ్వుతాడు.

2006 నాటి పెర్సోనా 3 ఇంకో మెట్టు పైన ఉంటుంది. ఆ ఆటలో పాత్రలు మామూలు జపాన్ స్కూలు పిల్లలు. వాళ్ల లోపలి శక్తులకి మాత్రం గ్రీకు పేర్లు. అకిహికో శక్తి పేరు పాలిడ్యూసెస్, షింజిరో శక్తి పేరు కాస్టర్. పురాణంలో వాళ్లు కవలలు. పాలిడ్యూసెస్ పేరు మోసిన ముష్టియోధుడు, జ్యూస్ కొడుకు కాబట్టి చావు లేనివాడు. కాస్టర్‌కి చావుంది. ఆటలో ఇద్దరూ ఒకే అనాథాశ్రమంలో పెరిగినవాళ్లు. అకిహికో స్కూల్లో బాక్సింగ్ టీమ్ కెప్టెన్. ఇక కాస్టర్ అన్న పేరు వినగానే, కథ తెలిసినవాడికి షింజిరో మీద బెంగ మొదలవుతుంది. అతను నిజంగానే చనిపోతాడు. పేరు ముందే చెప్పేసి, తర్వాత దెబ్బ కొట్టారు. ఒక పేరుతో ఇంత టెన్షన్ పుట్టించవచ్చని నాకు ఈ ఆట ఆడాకే తెలిసింది.

అదే ఆటలో యుకారి శక్తి ముందు అయో, పెద్దయ్యాక ఈజిప్టు దేవత ఐసిస్. ఆవుగా మారి ఈజిప్టుదాకా తిరిగిన అయోని పాతకాలం వాళ్లే ఐసిస్‌తో కలిపి చూశారు. పేర్ల మధ్య ఎదుగుదల కూడా పురాణం ఇచ్చిన దారిలోనే నడిచింది.

నాలుగో మెట్టు: ఎంత దగ్గర, ఎంత దూరం?

కథని అలాగే ఉంచనక్కర్లేదు. తిప్పేయొచ్చు. తిప్పుతున్నామని మనకి తెలిస్తే చాలు.

గాడ్ ఆఫ్ వార్ క్రేటోస్‌ని తీసుకోండి. 2005 ఆట నుంచి మనకి తెలిసిన క్రేటోస్ స్పార్టా సైనికుడు. పురాణంలో క్రేటోస్ అంటే బలం, అధికారం. డెమోక్రసీలో సగం ఆ మాటే. స్టిక్స్ నలుగురు పిల్లల్లో ఒకడు, జ్యూస్ పక్కనే ఉండే బంటు. గ్రీకు నాటకకర్త ఇస్కిలస్ పేరున్న ప్రొమీథియస్ నాటకం మొదట్లోనే కనిపిస్తాడు. మనుషులకి నిప్పు ఇచ్చిన ప్రొమీథియస్‌ని బండకి బిగించమంటే కమ్మరి దేవుడు హెఫేస్టస్ చేతులాడక నీళ్లు నములుతుంటాడు. ఇంకా గట్టిగా కొట్టు, మేకు దిగనీ అని క్రేటోస్ తరుముతాడు. ఇప్పుడు 2007లో వచ్చిన గాడ్ ఆఫ్ వార్ 2కి రండి. అదే ప్రొమీథియస్ గొలుసుల్లో వేలాడుతూ, ఈ బాధ నుంచి విడిపించమని క్రేటోస్‌ని వేడుకుంటాడు. క్రేటోస్ అతన్ని నిప్పుల్లో పడేసి చావు ప్రసాదిస్తాడు. కట్టించినవాడి పేరున్నవాడే కట్లు తెంచాడు. జ్యూస్ బంటు పేరుతో జ్యూస్‌నే చంపబోయేవాడు తయారయ్యాడు.

ఇంకో దారి, పేరుని ఉద్యోగంలా వాడటం. 2017 నాటి హొరైజన్ జీరో డాన్‌లో గాయా అనే కృత్రిమ మేధ భూమిని మళ్లీ బతికిస్తుంది. దాని కింద తొమ్మిది విభాగాలు. మొక్కలు డిమీటర్‌వి, నీళ్లు పొసైడన్‌వి, జంతువులు ఆర్టెమిస్‌వి, యంత్రాలు తయారుచేసే పని హెఫేస్టస్‌ది. మనుషుల్ని పుట్టించే విభాగం పేరు ఎలూథియా. కాన్పు దేవత ఎలైథియా పేరుకి అది ఇంకో రూపం. ప్రయోగం బెడిసికొడితే అంతా తుడిచేసే విభాగం హేడీస్. ఇక్కడ కథలు లేవు, శాఖలే. ఆఫీసులో పేరుకి బదులు హోదాతో పిలిచినట్టుంటుంది. అయినా ఆటగాడికి పేజీలకొద్దీ వివరణ తప్పింది. 'హేడీస్ మేలుకుంది' అంటే చాలు, ఏం జరగబోతోందో అర్థమైపోతుంది.

2000 సంవత్సరం నాటి డ్యూస్ ఎక్స్‌లో ఈ రెండు దారులూ కలిశాయి. డెడాలస్ అనే కృత్రిమ మేధ తయారుచేసినవాళ్ల చేతిలోంచి తప్పించుకుంటుంది. దాన్ని పట్టడానికి ఐకరస్ అనే ఇంకోదాన్ని చేస్తారు. చివరికి రెండూ కలిసి హీలియోస్ అవుతాయి. తండ్రి, కొడుకు, కొడుకు రెక్కల మైనం కరిగించిన సూర్యుడు.

పెర్సోనా 3లో టార్టరస్ అనే పేరు పాతాళపు అడుగుకి కాక ఆకాశంలోకి లేచే బురుజుకి పెట్టారు. తలకిందులు చేయడం అంటే అదీ.

అయిదో మెట్టు: గ్రీకా, రోమనా తేల్చుకోండి

హెరాక్లీస్ గ్రీకు, హెర్క్యులిస్ రోమన్. ఎథీనా గ్రీకు, మినర్వా రోమన్. ఒకే ఇంట్లో రెండూ కలిపితే చూసేవాడి కంటికి తగులుతుంది. హొరైజన్‌లోనే చూడండి, అన్నీ గ్రీకు పేర్లుండగా మినర్వా ఒక్కటీ రోమన్. అంత పెద్ద ఆట కాబట్టి చెల్లింది. చిన్న ఆటలో ఇది తెలియక చేసిన తప్పులాగే కనిపిస్తుంది.

ఆరో మెట్టు: పేరుని విడగొట్టి చూడండి

ఇది మనకి బాగా కలిసొచ్చే మెట్టు. గ్రీకు పేర్లు చాలావరకు సమాసాలు. విగ్రహవాక్యం చెప్పుకోవచ్చు. ఆండ్రోమఖే అంటే మగవాళ్లతో పోరేది. తెలెమఖొస్ అంటే దూరం నుంచి పోరేవాడు. అస్త్యానాక్స్ అంటే పురపతి. హెరాక్లీస్ అంటే జ్యూస్ భార్య హీరా వల్ల కీర్తి పొందినవాడు. అతన్ని జీవితాంతం పీడించింది కూడా ఆ హీరాయే, అది వేరే సంగతి. పాట్రొక్లోస్‌లో తండ్రి ముందు, కీర్తి వెనక. ఆ ముక్కల్నే అటూ ఇటూ మారిస్తే క్లియోపాట్రా.

గ్రీకు, సంస్కృతం ఒకే భాషాకుటుంబానివి కాబట్టి ఈ ముక్కల్లో కొన్ని మనకి చుట్టాలే. కీర్తి అనే అర్థమున్న క్లెఒస్, సంస్కృతంలో శ్రవస్. భారతంలో భూరిశ్రవుడి పేరులో ఉన్నది అదే. పతేర్, పితృ ఒకటే. జ్యూస్, ద్యౌః ఒకటే. రాత్రికి గ్రీకులో నుక్త్ అని మూలం. మనకి నక్తం, నక్తంచరుడు తెలుసు.

ఇది తెలిస్తే పురాణంలో లేని పేరు కూడా కట్టుకోవచ్చు. రాత్రిపూట మాత్రమే పోరాడే అమ్మాయి కావాలనుకోండి. నుక్త్‌కి మఖే కలిపి, మధ్యలో ఒక 'ఒ' పెడితే నుక్తొమఖే. ఆండ్రోమఖే తెలిసినవాళ్లకి ఇది నిజమైన గ్రీకు పేరులాగే వినిపిస్తుంది. ముక్కలకి అర్థం చూసుకోకుండా చివర 'ఓస్' తగిలించి గ్రీకు అనిపించే పేర్లు మాత్రం వద్దు. మన ఊళ్లో ప్రతిదానికీ చివర 'టెక్' తగిలించినట్టుంటుంది.

ఏడో మెట్టు: తెలుగులో రాసి, గట్టిగా చదవండి

ఇంగ్లిష్ స్పెల్లింగ్ చూసి గ్రీకు పేర్లు పలకడం మనకి అలవాటైంది కానీ, తెలుగు లిపిలో వాటిని ఇంకా బాగా రాయొచ్చు. గ్రీకులో ఎ, ఏ వేరు అక్షరాలు. ఒ, ఓ కూడా అంతే. ఇంగ్లిష్ లిపిలో ఈ తేడా పోతుంది, మనకి పోదు. పాత గ్రీకులో ఖ, థ, ఫ నిజంగానే ఒత్తక్షరాలు. అందుకని చనిపోయినవాళ్లని పాతాళ నది దాటించే పడవవాడు కేరన్ కాదు, ఖరోన్. మరుపు నది లీథీ కాదు, లేథే. హేడీస్ అసలు పలుకుబడి హాయ్‌దేస్‌కి దగ్గరగా ఉంటుంది. పాతాళానికి 'హాయి'తో మొదలయ్యే పేరు ఉండటం మనకి మాత్రమే అర్థమయ్యే జోకు.

ఇందులో నేను పాటించే పద్ధతి ఇది. ఆటగాళ్ల నోట్లో నానిపోయిన పేర్లని వాళ్లు పలికినట్టే రాస్తాను: హేడీస్, క్రేటోస్. కొత్తగా తెచ్చుకునే పేర్లని గ్రీకుకి దగ్గరగా రాస్తాను. ఏది ఎంచుకున్నా మెనూలో, సబ్‌టైటిల్‌లో, డబ్బింగ్‌లో ఒకటే ఉండాలి.

తర్వాత ఆ పేరుతో ఒక డైలాగ్ రాయండి. స్పార్టా రాణి, హెలెన్ తల్లి పేరు గ్రీకు ప్రకారం రాస్తే లేదా. "లేదా వచ్చిందా?" అని ఎవరైనా అడిగితే ఏమనుకోవాలి? ఇంగ్లిష్ దారిలో లీడా అని రాసుకుంటే గొడవ లేదు. మేకకాళ్ల దేవుడు పాన్ వచ్చాడంటే మనవాళ్లకి కిళ్లీ బడ్డీ గుర్తొస్తుంది. విజయ దేవత నైకీ ఎంత ఎగిరినా బూట్ల దగ్గరే ఆగుతుంది.

భాష మారినప్పుడు పేరు ఎంత వంకర తిరుగుతుందో జపాన్ ఆటల్లో కనిపిస్తుంది. 1986 నాటి కిడ్ ఇకారస్ దేవత పలుతెన. ఎథీనా బిరుదు పార్థెనోస్, జపనీస్‌లో ర, ల తేడా లేక అలా అయిందంటారు. ఫైనల్ ఫాంటసీ 6లో ఆక్టోపస్ శత్రువు పేరు జపనీస్‌లో ఒరుతొరొసు, అంటే రెండు తలల కుక్క ఆర్థ్రోస్. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి అల్ట్రోస్ అయ్యాడు. అతని జోడీ టైఫాన్ అయితే మొదటి ఇంగ్లిష్ అనువాదంలో చుపాన్ అయిపోయాడు. పురాణంలో టైఫాన్ ఆర్థ్రోస్‌కి తండ్రి. ఆ చుట్టరికం కాస్తా గాలికి పోయింది.

ఎనిమిదో మెట్టు: పేరు అందరిదీ, రూపం కాదు

రెండు వేల ఏళ్ల పైబడ్డ పురాణం పేర్ల మీద ఎవరికీ కాపీరైట్ లేదు. క్రేటోస్ అని మీరూ పెట్టుకోవచ్చు. కానీ గుండు, బూడిద పూసినట్టున్న ఒళ్లు, దాని మీద ఎర్ర గీత, గొలుసు కత్తులు కూడా పెడితే అది దొంగతనమే. ఆట టైటిల్‌కి వాడేటప్పుడు ట్రేడ్‌మార్క్ విడిగా చూసుకోవాలి. 'హేడీస్' అని ఇంకో ఆట వదిలితే స్టోర్‌లో వెతికేవాడికి మీరు కనిపించరు కూడా.

తొమ్మిదో మెట్టు: మొత్తం ఒకసారి చేసి చూద్దాం

పని: "నగరంలో అందరి జ్ఞాపకాలు చెరిపేస్తుంది." ఇదొక విలన్. దేవతల్లో వెతకను, నదుల అరకి వెళ్తాను. లేథే దొరికింది. కథ చూస్తే, హెసియడ్ జాబితాలో లేథే కలహదేవత ఎరిస్ సంతానం. అంటే జ్ఞాపకాలు చెరిపే యంత్రాన్ని ఎవరు చేయించారో తేలిపోయింది: గొడవలు పెట్టి బతికే సంస్థ, దాని అధిపతి ఎరిస్. ఇంకొంచెం తవ్వితే, గ్రీకు సమాధుల్లో దొరికిన బంగారు రేకులు కనిపిస్తాయి. చనిపోయినవాళ్లకి దారి చెప్పే రాతలవి. తెల్లని సైప్రస్ చెట్టు పక్కన ఒక ఊట ఉంటుంది, దాని దగ్గరికి పోవద్దు, జ్ఞాపకాల సరస్సు నీళ్లు అడిగి తాగు అని ఉంటుంది. నాకు ఒక లెవెల్ దొరికింది: రెండు ఊటలు, ఒక తెల్ల చెట్టు, దాహంతో ఉన్న ఆటగాడు.

లేథేకి ఎదురు నిలిచేది ఎవరు? పేరు విడగొడదాం. గ్రీకులో సత్యానికి మాట అలేథెయా. లేథేకి ముందు 'అ' చేరింది. మన అసత్యంలో ఉన్న 'అ'నే అది. మరుపు కానిది నిజం. నాయిక పేరు అలేథెయా. పలికితే ఇబ్బంది లేదు, తెలుగులో వేరే అర్థం రాదు, నాలుగే అక్షరాలు. పేర్లు మాత్రమే చెప్పి స్నేహితుణ్ని అడిగాను. "ఇద్దరూ అక్కచెల్లెళ్లా?" అన్నాడు. ఆ ఆలోచన నాకు రాలేదు. కథలో చేర్చేశాను.

ఇక ఆక్టియాన్ సంగతి. పేరు మార్చడానికి మనసొప్పక ఆటనే మార్చాను. ఓవిడ్ కవి ఆ కుక్కలకి ముప్పైకి పైగా పేర్లు వరసగా చెబుతాడు. మొదట మొరిగినవి రెండు: మెలంపస్ అంటే నల్లకాళ్లది, ఇక్నొబటీస్ అంటే జాడ పట్టేది. నా నాలుగు కుక్కల్లో రెండింటికి ఆ పేర్లే పెట్టాను. మొదటి లెవెల్ నుంచి ఆటగాడు వాటికి వేగం నేర్పుతాడు, వాసన నేర్పుతాడు. చివరి లెవెల్లో ఆటగాడే దుప్పి. కుక్కలకి ఎంత బాగా నేర్పి ఉంటే, అక్కడ తప్పించుకోవడం అంత కష్టం.